బొట్టు పెట్టిన హెల్మెట్టు

మా ఇంట్లో దేవుడి గూట్లో పటాల పక్కన ఒక సైకిలు హెల్మెట్టు ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి మొదట నవ్వేవాళ్ళు. అమ్మ కథంతా చెప్పాక వాళ్ళే లేచి దండం పెట్టేవాళ్ళు. ఆ దండాలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నా నోరు అసలే మంచిది కాదు, అందుకని వాళ్ళు చేతులు జోడించేలోపే కాఫీ వంకతో వంటింట్లోకి పోయేదాన్ని.

మాది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మా పొలాలను ఆనుకునే పోతుంది. పలమనేరు వైపు తిరిగితే మొగిలి ఘాటు వస్తుంది, ఎక్కేటప్పుడు లారీలు కూడా మూలుగుతాయి. నాయనకు మామిడి తోపు ఉండేది. అన్న చిత్తూరులో డిగ్రీ చదివేవాడు. బస్సు పాసు ఉన్నా వాడకుండా సైకిలు మీదే పోయి వచ్చేవాడు. తొంభైల నడిమధ్య మాట ఇది.

వాళ్ళ కాలేజీలో ఆటలు నేర్పే పీటీ సారు ఒకసారి తన స్కూటరును అన్న సైకిలు దాటిపోవడం చూశాడట. మరుసటి రోజే పిలిపించి, పోటీలకు తయారుకమ్మన్నాడు. అప్పటినుంచి అన్నకు వేరే లోకం లేదు. తెల్లారేసరికి ఘాటెక్కి పలమనేరు దాకా పోయి, ఆ చలిగాలిలో టీ తాగి, మళ్ళీ కిందికి దిగేవాడు. దిగడం గురించి చెప్పేటప్పుడు కళ్ళు మెరిసేవి. "సెవుల్లో గాలి తప్ప ఇంగేమీ ఇనపడదు పాపా" అనేవాడు. నాకు అసూయగా ఉండేది. నేను సైకిలెక్కితే అవ్వ గడప దగ్గరే ఆపేసేది.

తిరుపతిలో పోటీ అనగానే, తలకు హెల్మెట్టు లేకపోతే బరిలోకి రానివ్వరని తెలిసింది. సైకిలుకు హెల్మెట్టు అన్న మాట మేమెవరం వినలేదు. మోటారుసైకిలు వాళ్ళే పెట్టుకోని రోజులవి. సారు బెంగళూరు నుంచి ఒకటి తెచ్చి ఇచ్చాడు. పైన పల్చటి ఎర్ర ప్లాస్టిక్కు, లోపల మందంగా తెల్లటి థర్మోకోలు లాంటిది, గడ్డం కింద బిగించుకునే నాడా. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తలను కాపాడేదేమిరా, దీన్నే ఎవురన్నా కాపాడాల" అన్నాడు. ఊళ్ళో మగవాళ్ళకు వారం రోజులు అదే కాలక్షేపం. "ఏమప్పా, కొండకు పోయి గుండు కొట్టించుకొని దాసిపెట్టుకోనుండావా?" అని ఒకరు. "ఐసు పెట్టె మూత యాడ దొరికిందిబ్బా?" అని ఇంకొకరు. అన్న నవ్వుతూనే నాడా బిగించుకుని పోయేవాడు.

మా వైపు ఉలవలు, రాగి కంకులు వచ్చే కాలంలో రోడ్డే కళ్ళం. కట్టెలతో కొట్టే పని లేకుండా కట్టలు విప్పి తారురోడ్డు మీద పరిచేస్తారు. బస్సులు, లారీలు దాని మీదుగా పోతుంటే గింజ రాలిపోతుంది. సాయంత్రానికి చేటలతో చెరిగి ఎత్తుకుంటారు. మాకు అందులో తప్పేమీ కనపడేది కాదు, మేమూ చేసేవాళ్ళం. మొదటి పోటీ అయిపోయిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం ఘాటు దిగి వస్తున్న అన్న, మలుపు తిరగ్గానే పరిచిన ఉలవల్లోకి వచ్చేశాడు. ముందు చక్రం సర్రున జారింది. సైకిలు ఒక పక్కకు పోయింది, తను ఇంకో పక్కకు ఎగిరి కుడివైపు తల రోడ్డుకు కొట్టుకునేలా పడ్డాడు.

ఆ ఉలవలు పరిచిన ఆమె రోడ్డు పక్కనే ఉంది. పరిగెత్తుకొచ్చి చూస్తే లేచి కూర్చున్నాడట. మోచెయ్యి చర్మం లేచిపోయింది, అంతే. ఆమె పసుపు నూరి అద్ది, ఏడ్చి, తిట్టి, ఎడ్లబండిలో ఇంటికి పంపింది. వెంట ఒక మూటలో ఉలవలు కూడా పంపింది. ఆ రోజు మా ఇంట్లో ఉలవచారు కాచారు. అన్న రెండుసార్లు పోయించుకుని తిన్నాడు. నాయన మాత్రం హెల్మెట్టును ఒళ్ళో పెట్టుకుని తడిమి తడిమి చూశాడు. పైన ప్లాస్టిక్కు మీద గీతలు పడ్డాయి, అంతకుమించి ఏమీ కనపడలేదు.

"ఇది లేకుంటే నా బిడ్డ తల టెంకాయే" అంది అమ్మ. దాన్ని కుంకుడు రసంతో కడిగింది. నీడన ఆరబెట్టింది. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టింది. ప్రాణం కాపాడిన వస్తువును ఇంకెక్కడ పెడతారు? మా ఇళ్ళలో అంతే. తాత పులి నుంచి తప్పించుకున్నది దీనితోనే అని చెప్పే బల్లెం కూడా ఆ గూటి కిందే ఉండేది. ఆయుధపూజకు నాగలి, కొడవళ్ళు, మామిడికాయలు కోసే చిక్కం, సైకిలు అన్నీ కడిగి వరసగా పెడితే, ఆ యేడు హెల్మెట్టు అన్నిటికంటే ముందు కూర్చుంది. గుమ్మడికాయ దిష్టి కూడా మొదట దానికే తీశారు.

పూజకు ముందే బెంగళూరులో ఉన్న మామకు అన్న ఫోను చేసి, ఇంకొక హెల్మెట్టు పంపమన్నాడు. "ఉండేది బాగానే ఉండాది గదరా, మళ్ళీ ఎందుకు?" అని నాయన అడిగితే, "సారు తెమ్మన్నాడు నాయనా" అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. మామ నీలంరంగుది, కొత్తది, కవరు కూడా విప్పకుండా తెచ్చి ఇచ్చాడు.

తిరుపతిలో రెండో పోటీ కార్తీకంలో పడింది. పోటీకి ముందు కొన్నాళ్ళు అక్కడే ఉండి చంద్రగిరి రోడ్డులో తొక్కాలని సారు చెప్పాడు. బయలుదేరేటప్పుడు అన్న కొత్త హెల్మెట్టును కవరుతోనే హ్యాండిలుకు తగిలించుకున్నాడు. అమ్మ చూసింది.

"అదెందుకురా? దానికేం తెలుసు? ఒగ దెబ్బ సూసిందా, ఒగ గండం దాటిందా? నిన్ను కాపాడిందాన్ని ఇంట్లో పెట్టి, ముక్కూ మొగం తెలీనిదాన్ని పెట్టుకోని పోతావా?"

"అది కాదుమా..." అన్నాడు అన్న.

"ఏం కాదు. బొట్టు పెట్టి పూజ చేసింది ఎందుకు? నా మాట ఇను."

గూట్లోంచి ఎర్రదాన్ని తీసి, కొత్తగా బొట్టు పెట్టి, రెండు చేతులతో అన్నకు అందించింది. అప్పుడు అన్న ఒక చేతిలో నీలంది, ఇంకో చేతిలో ఎర్రది పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆ నిలబడడం నా కళ్ళల్లో ఇప్పటికీ అట్లాగే ఉంది. తర్వాత నీలందాన్ని నా చేతికిచ్చి, "అటక మీద పెట్టు పాపా" అన్నాడు. ఎర్రదాన్ని తలకు పెట్టుకుని నాడా బిగించుకున్నాడు. అమ్మ మెటికలు విరిచింది. నాకు ఆ క్షణంలో అదంతా ముచ్చటగానే అనిపించింది.

చంద్రగిరి రోడ్డులో ఒక వ్యాను ఆగి ఉందట. కొండ దిగి వచ్చిన యాత్రికులు. లోపల కూర్చున్న పెద్దాయన ఉమ్మేసేందుకు ఉన్నట్టుండి తలుపు తెరిచాడు. అన్న వేగంగా వస్తున్నాడు, బ్రేకు పట్టే సమయం కూడా లేదు. తలుపు మీదుగా ఎగిరి, మళ్ళీ అదే కుడివైపు నేలకు కొట్టుకున్నాడు. పీటీ సారు వెనకాల స్కూటర్లో ఉన్నాడు కాబట్టి ఇదంతా మాకు తెలిసింది. సారు చేరేసరికి ఆ పెద్దాయన అన్న తలను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట. గుండు మీద రాసుకున్న గంధం ఇంకా ఆరను కూడా లేదట. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని నేను చాలా ప్రయత్నించాను. ఆ గంధం గుర్తొచ్చి కోపం నిలవలేదు.

తిరుపతి నుంచి వేలూరు తీసుకుపోయారు. అన్న కళ్ళు తెరవడానికి చాలా రోజులు పట్టింది. అన్నిరోజులూ అమ్మ ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది: "టోపీ ఉండాది కాబట్టి పానం నిలిచింది. అదే కాపాడింది, మళ్ళీ అదే కాపాడింది."

అన్న కళ్ళు తెరిచాక, డాక్టరు నాయననూ నన్నూ గదిలోకి పిలిచాడు. అరవ యాసలో నిదానంగా తెలుగు మాట్లాడే మనిషి. సారు తెచ్చి ఇచ్చిన హెల్మెట్టు ఆయన బల్ల మీద ఉంది. పగిలి మూడు తునకలై ఉంది. ఒక తునక మీద అమ్మ పెట్టిన బొట్టు అట్లాగే ఉంది.

"దీనికి ముందే ఒక దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

"తగిలింది సామీ. అప్పుడు బిడ్డకు ఏమీ కాలేదు" అన్నాడు నాయన, కొంచెం గొప్పగానే.

డాక్టరు లోపలి గుడ్డ మెత్త ఎత్తి చూపించాడు. దాని కింద తెల్లటి థర్మోకోలు ఒక చోట అణిగిపోయి, గట్టిబడి, చిన్న చిన్న బీటలతో ఉంది. చుట్టుపక్కల బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతోంది. అక్కడ మాత్రం పోలేదు. తల నేలకు కొట్టుకున్నప్పుడు పైన ఎముక ఆగిపోయినా లోపల మెదడు ఆగదని, అది ఎముకకు పోయి కొట్టుకుంటుందని ఆయన చెప్పాడు. ఆ దెబ్బను కొంచెం నిదానం చేయడమే ఈ తెల్లదాని పని. నలగడానికే దాన్ని పెట్టారు. అది నలిగే కొద్దీ దెబ్బలో కొంత దానిలోనే పోతుంది, తలదాకా తక్కువ వస్తుంది. ఒకసారి నలిగిన చోట మళ్ళీ నలగడానికి ఏమీ మిగలదు.

"మొదటి దెబ్బకే దీని పని అయిపోయింది" అన్నాడు. "ఇదీ లేకపోయుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కొత్తదైతే ఇంత కాకపోయుండొచ్చు. అది కూడా గట్టిగా చెప్పలేను."

నాకు అటక మీద కవరులో ఉన్న నీలం హెల్మెట్టు గుర్తొచ్చింది. బయటికొచ్చాక, మెట్ల దగ్గర, నాయన ఎవరితోనో అన్నట్టు అన్నాడు: "గడ్డే గదా పాపా. ఒగ ట్రిప్పు పొయ్యొచ్చిన గడ్డిని నేను ఎప్పుడన్నా మళ్ళీ పరిచినానా?"

ఆ మాట అర్థం కావాలంటే మా తోపు పని తెలియాలి. బేనీషా మామిడికాయలు మద్రాసుకు పంపేటప్పుడు గంపలో వరిగడ్డి పరిచి, దాని మీద కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి వేస్తారు. లారీ కుదుపులకు గడ్డి నలుగుతుంది, కాయ నలగదు. ఖాళీ గంపలు తిరిగి వచ్చాక ఆ గడ్డిని నాయన మళ్ళీ వాడనిచ్చేవాడు కాదు. బొటనవేలితో నొక్కి, లేవడం లేదని చూపించి "అయిపోయింది" అని పశువులకు వేసేవాడు. అన్నకూ నాకూ చిన్నప్పుడే అది నేర్పించాడు. ఆ విద్య తెలిసిన ఇంట్లోనే ఇట్లా జరిగింది.

"మీ అమ్మకు సెప్పొద్దు" అన్నాడు నాయన. "ఆయమ్మ బతకదు."

చెప్పలేదు. మూడు తునకలనూ అమ్మ ఇంటికి తెచ్చుకుంది. జిగురుతో అతికించమని నాయనను అడిగింది, ఆయన కాదనలేకపోయాడు. కుంకం పెట్టి మళ్ళీ గూట్లో పెట్టింది. ఆ తర్వాత ఏ ఆయుధపూజకూ నాయన ఇంట్లో ఉండలేదు, తోపులో పని ఉందని పోయేవాడు. పండగ నాడు తోపులో ఏం పని ఉంటుందని అమ్మ సణుగుతూ ఉండేది.

అన్న బతికాడు. బతికాడు అన్నప్పుడు అందరూ దేవుడి వైపు చేతులెత్తేవాళ్ళు. ఆ చేతులను పట్టుకుని కిందికి లాగాలనిపించేది నాకు. సైకిలెక్కితే నిలబడే శక్తి అన్నకు పోయింది. వాసనలు పోయాయి. తోపు పక్కన పుట్టి పెరిగిన మనిషికి మామిడిపండు వాసన తెలియదు. చదువు ఆగిపోయింది, పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఒక మాట మనసులోకొస్తే దాన్ని లోపల ఆపుకోవడం కూడా పోయింది. అట్లా ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. పెద్దత్త వస్తే "నువ్వొస్తే అమ్మకు ఇష్టం లేదు" అనేవాడు. అందులో కోపం ఉండదు, ఎగతాళి ఉండదు. ఉన్నది అట్లాగే బయటికి వచ్చేస్తుంది. ఒకప్పుడు ఎవరి మనసూ నొప్పించకుండా మాటలు మింగేసే మనిషి.

ఒక్క పని మాత్రం చేతుల్లో మిగిలింది. మామిడికాయల కాలంలో గంపల్లో గడ్డి పరిచేది అన్నే. గుప్పెడు తీసుకుని బొటనవేలితో నొక్కి చూసేవాడు. బాగుంటే గంపలోకి, లేకపోతే "అయిపోయింది" అని పక్కకు. ఆ పనిలో ఉన్నప్పుడు అన్న పాత అన్నలాగే కనపడేవాడు. నేను దూరంగా కూర్చుని చూసేదాన్ని, ఏడుపొచ్చేది.

నాకు చిత్తూరులో ఉద్యోగం, పెళ్ళి, ఒక కూతురు. ఏళ్ళు గడిచాయి. దసరా సెలవులకు కూతుర్ని తీసుకుని ఊరికి వెళ్ళాను. దానికి కొత్తగా చిన్న సైకిలు కొన్నాం, బస్సు పైన వేసి తెచ్చాం. ఆయుధపూజ నాడు అమ్మ ఆ సైకిలును కూడా కడిగి, నాగలి పక్కన పెట్టింది. నాయన మామూలుగానే తోపుకు పోయాడు. నాగలికి బొట్టు పెట్టింది, కొడవళ్ళకు పెట్టింది. సైకిలు దగ్గరికొచ్చి ఆగి, గూట్లోంచి ఎర్ర హెల్మెట్టు తెచ్చి నా కూతురి తలమీద పెట్టింది. అది కళ్ళమీదికి జారింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"వద్దుమా, దానికి పెద్దది" అన్నాను.

"నాడా బిగిస్తే సరిపోతాది. మీ అన్నను రెండుతూర్లు కాపాడింది ఇది. ఈ బిడ్డను కాపాడదా?"

"వద్దంటే వద్దుమా. కొత్తది కొనిస్తాను."

"కొత్తదానికి ఏం తెలుసు?" అంది అమ్మ. అదే మాట, అదే గొంతు.

అరుగు మీద బొరుగులు తింటున్న అన్న లేచి వచ్చాడు. పిల్ల తలమీంచి హెల్మెట్టు మెల్లగా తీశాడు. తిరగేసి, లోపలి గుడ్డ ఎత్తి, బొటనవేలితో నొక్కాడు. ఇంకొకసారి నొక్కాడు. "అయిపోయింది" అని పశువుల గడ్డి వైపు పెట్టాడు.

అమ్మ నవ్వింది. "అది గడ్డి కాదురా, నీ టోపీ."

"అయిపోయిందిమా. ఉలవల కాడే అయిపోయింది. సారు సూసి సెప్పినాడు. ఇంగ ఇది యేసుకోవద్దు, కొత్తది తెచ్చుకో అన్నాడు. మామ తెచ్చినాడు గదా, నీలంది."

ఇన్నేళ్ళూ నేను దాచింది ఒకటి, ఎవరూ అడగక అన్న లోపలే ఉండిపోయింది ఇంకొకటి. అన్నకు తెలుసునన్న సంగతి నాకు కూడా అప్పుడే తెలిసింది. కవరులో కొత్తది చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడిన రోజునే తెలుసు.

"తెలిసి... తెలిసే యేసుకున్నావా?" అంది అమ్మ.

"నువ్వు బొట్టు పెట్టినావు గదా" అన్నాడు అన్న.

అన్న గొంతులో నింద లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. అమ్మ నా వైపు చూసింది. నా ముఖం చూడగానే, నాకు కూడా ఏదో తెలుసునని ఆమెకు అర్థమైపోయింది. తర్వాత తోపు వైపు చూసింది. నాయన ప్రతి పండగకూ అక్కడికి ఎందుకు పోతున్నాడో కూడా అప్పుడే అర్థమైనట్టుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చేతిలోని కుంకం గిన్నె మాత్రం ఒరిగి, కొంచెం కుంకం నేలమీద పడింది.

అన్న దానివైపు చూశాడు. బొరుగుల గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"సైకిలుకు బొట్టు పెట్టలేదేమిమా?" అని అడిగాడు.

అమ్మ కుంకం గిన్నె నేలమీద పెట్టి, లోపలికి పోయి, నిచ్చెన వేయమని నన్ను పిలిచింది. అటక మీంచి నీలం హెల్మెట్టు దింపింది. కవరు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. దానికి బొట్టు పెట్టలేదు. అన్న పక్కన అరుగు మీద కూర్చుని, కవరు విప్పి, దాన్ని అన్న తలకు పెట్టి, గడ్డం కింద నాడా బిగించింది. అన్న కాదనలేదు. ఆ రోజంతా అన్న దాన్ని తీయలేదు, అమ్మ తీయమని చెప్పలేదు.